మంగళవారం ఎందుకు దాటేస్తుంది

నా ఉద్యోగం ఏమిటో మా బంధువులకు ఇప్పటికీ అర్థం కాలేదు. సాఫ్ట్‌వేర్ అంటే తెలుసు. కానీ నేను సాఫ్ట్‌వేర్ రాయను, వేరేవాళ్లు రాసినదాని గురించి రాస్తాను అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక పెళ్లిలో మా పెద్దమ్మ పక్కనున్నావిడకు నన్ను చూపించి, "అంటే ఇది వంట చేయదు, వండినంక అండ్ల ఏమేం వేసిండ్రో చెప్తది" అంది. ఆవిడ జాలిగా చూసింది. నేను నొచ్చుకోలేదు, అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

వనపర్తి బస్టాండుకు దగ్గర్లోనే, ఒక ఎరువుల దుకాణం పైన మా ఆఫీసు. వానాకాలం మొదట్లో యూరియా బస్తాలు దిగేటప్పుడు ఆ వాసన మెట్ల మీదుగా పైకొచ్చి మా కంప్యూటర్ల మధ్య కూర్చుంటుంది. మా సార్ ఒకప్పుడు అదే గదిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాడు. తర్వాత బియ్యం మిల్లులకు తూకం లెక్కలు, ప్రైవేటు బడులకు హాజరు పట్టీలు చేసిపెట్టడం మొదలైంది. నాది గద్వాల. వారమంతా వనపర్తిలో అద్దెగది, శనివారం సాయంత్రం ఇంటికి. ఇంటర్వ్యూలో సార్ నన్ను అడిగింది ఒక్కటే: "తెలుగుల తప్పులు లేకుండ రాస్తవా?" రాస్తానన్నాను. "మావోళ్లకు కోడ్ రాసుడు వస్తది, సంగతి చెప్పుడు రాదు" అన్నాడు. అలా చేరాను.

నేను రాసేదాన్ని ఆఫీసులో అందరూ డాక్యుమెంటేషన్ అని గౌరవంగా పిలుస్తారు, ఎవరూ చదవరు. ఇది ఫిర్యాదు కాదు. దవాఖానకు పోయే అవసరం రానంతకాలం దవాఖాన ఎక్కడుందో ఎవరికీ పట్టదు. నాకు మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అలవాటైంది.

మేము చేసినవాటిలో నాకు నచ్చింది నీళ్ల సాఫ్ట్‌వేర్. నాగర్‌కర్నూల్ వైపు కొన్ని ఊళ్లు ఒక చిన్న ఎత్తిపోతల కింద ఊరికో సంఘం కట్టుకున్నాయి. ఏ ఊళ్లో చెప్పను, చెప్పి వాళ్లను పంచాయితీకి ఎక్కించడం నాకిష్టం లేదు. మోటార్లు నీళ్లెత్తి కాలువలో పోస్తాయి, కాలువ నుంచి పిల్లకాలువలు చీలుతాయి. అన్నిటికీ ఒకేసారి ఇచ్చేన్ని నీళ్లు లేవు కాబట్టి వంతులు పెట్టుకున్నారు. ఈ రోజు ఒక పిల్లకాలువకు ఇస్తే రేపు దాని తర్వాతదానికి. సాయంత్రం కాగానే మా సాఫ్ట్‌వేర్ రేపటి వంతు ఎవరిదో చూసి, ఆ పిల్లకాలువ కింద ఉన్న రైతులకు ఫోన్ చేస్తుంది. "రేపు మీ కాలువకు నీళ్లు వస్తున్నయి, చేను కాడ ఉండండి" అని ఒక ఆడగొంతు చెబుతుంది. తూములు తీసే లష్కర్‌కు అదే కబురు మెసేజ్‌గా పోతుంది. ఎవరు ఫోన్ ఎత్తారు, ఎవరు చివరిదాకా విన్నారు, ఎవరు సగంలో పెట్టేశారు అన్నది కూడా అందులో నమోదవుతుంది. ఆ ఆడగొంతు నాది. ఆఫీసులో గొంతు బాగున్నది నాదొక్కదానిదే అని సార్ చెప్పాడు కానీ, రికార్డు చేసిన రోజు ఆఫీసులో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మొన్నటి యాసంగిలో ఇంకో ఎత్తిపోతల కింది సంఘం అదే సాఫ్ట్‌వేర్ తీసుకుంటామని వచ్చింది. ఆ సంఘంలో ఒక రిటైరైన పెద్దమనిషి ఉన్నాడు. ఈ యంత్రం ఏమేం చేస్తుందో, ఎందుకు చేస్తుందో కాగితం మీద రాసి ఇస్తే తప్ప తీసుకోబోమని పట్టుబట్టాడు. నా ఉద్యోగంలో ఎవరో ఒకరు 'ఎందుకు' అని అడగడం అదే మొదలు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది.

ఏం చేస్తుందో రాయడం తేలిక, కోడ్ చదివితే చాలు. ఎందుకు చేస్తుందో కోడ్‌లో ఉండదు. ఎండాకాలంలో వంతు ఎందుకు పెంచారు, ఫోన్ సాయంత్రమే ఎందుకు పోతుంది, ఇవన్నీ సార్‌ను అడిగి రాసుకున్నాను. అలా రాసుకుంటూ పోతుంటే ఒకచోట ఆగిపోవాల్సి వచ్చింది. కాలువ చివరన ఉన్న పిల్లకాలువ వంతు మంగళవారం నాడు పడితే, దాన్ని దాటేసి తర్వాత వంతున్న పిల్లకాలువకు పొమ్మని కోడ్‌లో ఒక వరుస ఉంది. వంతు వెనక్కి జరగదు, పోయినట్టే. మళ్లీ అందరి వంతులూ తిరిగి వచ్చేదాకా ఆ పిల్లకాలువ ఎండాల్సిందే. ఆ వరుస పైన ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగులో రాసిన మాట ఒకటి ఉంది: "ముట్టుకోవద్దు. డౌటుంటే నన్నడగండి."

ఆ 'నన్ను' ఎవరినో రాయలేదు.

సార్‌ను అడిగాను. "అప్పట్ల ముగ్గురు నలుగురు చేసిండ్రు. ఎవరు రాసిండ్రో ఏమో. పాత సర్వర్ పాడైనప్పుడే ఆ లెక్కలన్ని పోయినయి" అన్నాడు. మళ్లీ తనే, "ఊరి ఆచారమని రాసెయ్‌రాదూ" అన్నాడు.

నేను రాయలేదు. తెలియనిదానికి ఆచారమని పేరు పెట్టడం మన దగ్గర పాత అలవాటే, కానీ నా పేరుతో పోయే కాగితంలో నాకది ఇష్టం లేదు. లష్కర్‌కు ఫోన్ చేశాను. ఆయన నేను ఉద్యోగంలో చేరకముందునుంచి ఆ కాలువ మీద ఉన్నాడు. "మంగళారమా? ఆ ఊరోళ్లు తీసుకోరమ్మా. వాళ్లకేందో పట్టింపు" అన్నాడు. ఏం పట్టింపని అడిగితే, "గది నాకు తెల్వదు. మంగళారం ఆ తూము తియ్యమని నాకు మెసేజే రాదు. రాకపాయె, నేను పోకపోతి" అన్నాడు.

తర్వాతి మంగళవారమే బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయి, అక్కడినుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. ఆ ఊరి సంఘం మీటింగులు మంగళవారమే జరుగుతాయని లష్కర్ చెప్పాడు, అందరూ ఒక్కచోట దొరుకుతారు. గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు కాలువ పటం. సంఘం అధ్యక్షుడు మర్యాదస్తుడు, నాకు ఫ్యాన్ కింద కుర్చీ వేయించాడు. మీ ఊళ్లో మంగళవారం నీళ్లు ఎందుకు తీసుకోరు అని అడిగాను.

"మేమెందుకు వద్దంటమమ్మా?" అన్నాడు. "మంగళారం కాలువ రాదు. అది మీ ఆఫీసు రూలు."

"మా ఆఫీసు రూలని ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముంది. ఇన్నేండ్లల్ల మంగళారం వస్తదని ఎన్నడన్న ఫోనొచ్చిందా?"

ఇంకొకాయన, ఆ రోజు మోటార్లకు రెస్టు ఇస్తారేమో అన్నాడు. వెనకనుంచి ఎవరో, మోటార్లకు కాదు, కరెంటోళ్లకు అన్నారు. ఆ కారణాలన్నీ ఎంత నమ్మకంగా చెప్పారంటే, నేను కొత్తదాన్నయితే రాసుకుపోయేదాన్ని. మంగళవారం కాలువ పని లేదు కాబట్టి సంఘం మీటింగు ఆ రోజుకు మార్చుకున్నారు. కల్వకుర్తి బజారు పనులు కూడా కొందరు ఆ రోజే పెట్టుకుంటారు. ఊరు మొత్తం మంగళవారం చుట్టూ సర్దుకుని హాయిగా ఉంది.

ఎందుకో మరిచిపోయి కూడా ప్రతి తద్దినం నాడు పిల్లిని గంప కింద మూసిన ఇంటి కథ మనందరం విని నవ్వుకున్నవాళ్లమే. ఆ కథలో పిల్లి ఒక్క ఇంట్లోనే ఉంది. ఇక్కడ వాళ్లు మా రూలనుకుని, మేం వాళ్ల పట్టింపనుకుని, ఊరి పిల్లి మా గంప కింద, మా పిల్లి ఊరి గంప కింద ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు గుమ్మం దగ్గర నిలబడిన ఒకామె మాటతో పోయింది. ఆమె లోపలికి రాలేదు. కౌలుకు చేసేవాళ్లకు సంఘంలో కుర్చీ లేదని తర్వాత తెలిసింది.

"మంగళారం వంతు పడ్డప్పుడల్ల నా చేను ఎండుతది" అంది ఆమె. "అందరికి బోర్లున్నయి. నాకు లేదు."

అధ్యక్షుడు ఇబ్బందిగా కదిలాడు. "అవునమ్మా, ఆమె చెప్పేది నిజమే. ఆ పిల్లకాలువ కింద బోరు లేంది ఆమె ఒక్కదానికే" అన్నాడు. ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు ఫిర్యాదు చేయలేదో అప్పుడు అర్థమైంది. బోర్లున్నవాళ్లు కాలువ రాని రోజు మోటారు వేసుకుంటారు. వాళ్లకు మంగళవారం ఒక సెలవు.

ఆమె నన్ను చేను దగ్గరికి తీసుకుపోయింది. దారిలో ఒకసారి ఆగి నా ముఖంలోకి చూసి, "ఫోన్ల చెప్పేది నువ్వేనా మేడం?" అంది. నేనే అన్నాను. "గొంతు గుర్తుపట్టిన. మనిషి జర పెద్దగుంటదనుకున్న" అంది. నేను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను, ఆమె కొంతసేపటికి మేడం అనడం మానేసింది.

ఆమె, ఆమె భర్త ఏళ్ల తరబడి పట్నంలో బిల్డింగు పనులు చేశారు. పోయిన ఏడాది తిరిగొచ్చి, ఊళ్లో లేని ఒకాయన పొలం కౌలుకు పట్టారు. కూతురు లింగాలలో హాస్టల్లో ఉండి చదువుతోంది. పట్నంలో ఉన్నప్పుడు ఆ పిల్లకు సెలవులిస్తే ఎక్కడికి పంపాలో తెలిసేది కాదట. "ఇప్పుడు సెలవులకు ఇంటికొస్తది. ఇల్లున్నది కద" అంది. వేసింది పల్లి. ఒక చెట్టు పీకి నాకు చూపించింది. కాయలు చిన్నగా, తెల్లగా, నీళ్లతో నిండి ఉన్నాయి. గోటితో నొక్కితే లోపల గింజ ఇంకా గట్టిపడలేదు.

"గింజ పట్టే టైమిది" అంది. "ఇప్పుడొక్క తడి తప్పితే అన్ని తాలుకాయలే. వచ్చే వంతు మంగళారం పడుతది, నేను చూసుకున్న. ఈ పంట గట్టెక్కితే మల్ల కౌలు పడతం. ఎక్కకపోతే పట్నమే." ఏడ్పు లేదు, బతిమాలడం లేదు. బస్సు ఎన్నింటికని చెప్పినట్టు చెప్పింది.

ఆ వరుస తీసేస్తే సరిపోతుందని నాకు తెలుసు. దాన్ని తీసేయడం మా ఆఫీసులో కోడ్ రాసే పిల్లలకు చిటికెలో పని. వనపర్తి వచ్చి సార్‌తో అదే చెప్పాను.

"తీసెయ్యొచ్చు" అన్నాడు సార్. "ఎందుకు పెట్టిండ్రో తెల్సిందా?"

"తెలియలేదు సార్. ఊరు మనదంటోంది, లష్కర్ ఊరిదంటున్నాడు."

"మరెట్ల తీస్తం? పెట్టినోడు పిచ్చోడా? రేపు దాని వెనక ఏందన్న ఉంటే?"

నాకు మండింది. కానీ ఆయన మొండిగా మాట్లాడుతున్నాడని అనలేను. ఒకసారి ఒక బియ్యం మిల్లు సాఫ్ట్‌వేర్‌లో అర్థంలేనిదని అందరం అనుకున్న వరుస ఒకటి తీసేస్తే, తడి వడ్ల తూకాలన్నీ తారుమారయ్యాయి. అప్పుడు మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్ల వరుసలో నిలబడి తిట్లు తిన్నది ఆయనే. కారణం తెలియని గోడను కూల్చొద్దని నేను రాసే కాగితాల్లోనూ ఉంటుంది. నా మాటే నాకు అడ్డంపడింది. "సంఘంతోని ఒక లెటర్ రాయించుకురా, తీసేద్దాం" అన్నాడు సార్. సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేస్తే, "ఆఫీసు రూలు ఆఫీసే తీసుకోవాలె కదమ్మా, మేమెట్ల రాస్తం?" అన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరి మర్యాద మధ్యా పల్లి ఎండుతోంది.

పాత ఉద్యోగుల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఒకాయన ఫోన్ ఎత్తలేదు. ఇంకొకాయన, "మంగళవారమా?" అని పెద్దగా నవ్వి, తనకు పోయిన వారం రాసిన కోడే గుర్తులేదన్నాడు. మూడో ఆయన గద్వాలలోనే ఉన్నాడని తెలిసింది. సాఫ్ట్‌వేర్ వదిలేసి వాళ్ల నాన్న చీరల దుకాణంలో కూర్చుంటున్నాడు. ఆ దుకాణం ముందునుంచి నేను ఎన్నిసార్లు నడిచానో. శనివారం ఇంటికి పోతూ అక్కడ దిగాను.

రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం చీరలు చూస్తోంది. "ఎష్టు?" అని కన్నడంలో ఎంతో అడుగుతూ వాళ్లు, ధర చెబుతూ ఈయన. నూలు చీరకు పట్టు అంచు కలిసిన చోటును వేళ్లతో సాగదీసి, ఊడిరాదని చూపిస్తున్నాడు. వాళ్లు పోయాక నా సంగతి చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు.

"అరె! అది ఇంక ఉన్నదా?" అన్నాడు. "నేనే రాసిన. ఆ యాడాది పశువులకు రోగమొచ్చింది. ఊరోళ్లు వారాలు పట్టిండ్రు."

నాకు వారాలంటే తెలుసు. ఊరి మీదికి రోగమో కరువో వస్తే, తగ్గేదాకా కొన్ని వారాలపాటు ఒక రోజును ఎంచుకుని పాటిస్తారు. ఆ రోజు ఎవరూ నాగలి కట్టరు, చేనుకు పోరు. మొక్కు తీరగానే ఆ పాటింపు అయిపోతుంది.

"మంగళారం ఎవ్వరు చేన్లకు పోతలేరు. నీళ్లొచ్చి ఊకెనే వాగుల కలుస్తున్నయని లష్కర్ ఫోన్ చేసి లొల్లి" అన్నాడాయన. "అప్పుడున్న లష్కర్ వేరే. సరే, ఆ నెలకు మంగళారం దాటేద్దామని పెట్టిన. తర్వాత తీసేద్దామనుకున్న. గంతల్నే నాన్నకు బాగలేక ఇటొచ్చేసిన."

"ముట్టుకోవద్దని ఎందుకు రాశారు?"

"ఎవరన్న తీసేస్తే ఊరోళ్లు తిడతరని. ఆ నెల."

"ఆ నెల అని రాయలేదు కదా. మీ పేరూ రాయలేదు."

ఆయన చీర మడత సరిచేశాడు. "అప్పుడు అందరికి తెల్సు కద మేడం" అన్నాడు.

ఆ మాట దగ్గర నా కోపం చల్లబడింది. ఎవరైనా రాయకపోతే బద్ధకమని, పొగరని అనుకుంటూ వచ్చాను. చాలాసార్లు అది కాదు. రాసే రోజున అందరికీ తెలిసే ఉంటుంది. ఆఫీసుకు తెలుసు, లష్కర్‌కు తెలుసు, ఊళ్లో పశువులకు కూడా తెలుసు. అందరికీ తెలిసినదాన్ని రాయడమంటే, పక్కన కూర్చున్నవాడికి వాడి పేరు చెప్పినట్టు ఎబ్బెట్టుగా ఉంటుంది. తర్వాత ఒకరు దుకాణానికి పోతారు, ఒకరు రిటైరవుతారు, పశువులు కోలుకుంటాయి, మొక్కు తీరిపోతుంది. వరుస మాత్రం మిగులుతుంది.

ఆయన అక్కడే కూర్చుని, జరిగిందంతా చెప్పి సార్‌కు వాయిస్ మెసేజ్ పంపాడు. నాకు చాయ్ తెప్పించాడు. నాకు గెలిచినట్టే అనిపించింది.

సోమవారం పొద్దున సార్ మెసేజ్ విన్నానని, తీసేద్దామని అన్నాడు. "కాని సంఘపోళ్లకు ఒక మాట చెప్పాలె. వాళ్లకు చెప్పకుండ పెట్టి ఒకసారి చెడగొట్టినం, చెప్పకుండ తీసి ఇంకోసారి వద్దు." నా ముందే అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. ఆయన అంతా విని, "మంచిదే సార్, మీటింగుల మాట్లాడుకుని చెప్తం" అన్నాడు. మీటింగు మంగళవారం. మంగళవారం వంతుకు ఫోన్లు పోయేది సోమవారం సాయంత్రం.

ఆ రోజంతా సార్ చుట్టూ తిరిగాను. ఒక్క రోజు ముందు తీస్తే ఏమవుతుందని అడిగాను. ఆయనకు కోపం రాలేదు, "ఒక్క రోజు ఆగితే ఏమైతది?" అని తిరిగి అడిగాడు. ఏమవుతుందో నేను చెప్పాను. ఆయన కిటికీ వైపు చూసి, "మాటిచ్చిన కదమ్మా" అన్నాడు. లష్కర్‌కు ఫోన్ చేసి ఈ ఒక్కసారికి తూము తీయమన్నాను. "మెసేజ్ లేకుండ ఎట్ల తీస్త? రేపు పక్క కాలువోళ్ల వంతాయె. వాళ్లు ఊకుంటరా?" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. సాయంత్రం ఆఫీసులోనే కూర్చుని చూశాను. సాఫ్ట్‌వేర్ చివరి పిల్లకాలువను దాటేసి, తర్వాత వంతున్న ఊరి రైతులకు నా గొంతుతో ఫోన్ చేసింది.

మంగళవారం మీటింగులో ఎవరో ఒక ముసలాయనకు ఆ పశువుల రోగం గుర్తొచ్చిందట. అందరూ చాలాసేపు నవ్వుకున్నారట. ఎవరూ కాదనలేదు. మంగళవారం నీళ్లొస్తే ఇక మీటింగు ఏ రోజు పెట్టుకోవాలన్నదాని మీదే వాదన నడిచిందని లష్కర్ చెప్పాడు. బుధవారం మావాళ్లు ఆ వరుస తీసేశారు. నేను రెండో సంఘానికి ఇవ్వాల్సిన కాగితం పూర్తి చేశాను. ఆ రిటైరైన పెద్దమనిషి చదివి బాగుందన్నాడు. నా పని గురించి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. నాకు సంతోషం కలగలేదు.

పల్లి పీకిన తర్వాత లష్కరే ఫోన్ చేశాడు. "తాలుకాయలేనమ్మా. పీకిన కూలి కూడ దండగ. ఇంటికి తాళమేసి పట్నం పోయిండ్రు. ఆ కౌలు ఇడిచిపెట్టింది, ఆ నంబరు తీసేసి పట్టాదారుది ఎక్కియ్యుండ్రి" అన్నాడు. సరే అన్నాను. పట్టాదారు నంబరు ఎక్కించాను. ఆమెది తర్వాత తీద్దామనుకుని వదిలేశాను. తర్వాత తీద్దామనుకోవడం ఎక్కడికి పోతుందో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను.

వంతులు తిరిగి తిరిగి, ఆ పిల్లకాలువకు మళ్లీ మంగళవారం పడింది. సోమవారం సాయంత్రం మొదటిసారిగా ఆ ఊరికి ఫోన్లు పోయాయి. మర్నాడు పొద్దున ఎవరు విన్నారో చూశాను. సగంమంది ఎత్తలేదు. మిగతావాళ్లు రెండు మాటలు విని పెట్టేశారు, బోర్లున్నవాళ్లకు తొందరేముంది. ఒక్క నంబరు మాత్రం చివరిదాకా విన్నది. ఆమెది. వెనక్కి పోయి చూస్తే, చేను వదిలేసిన తర్వాత కూడా ప్రతి వంతుకూ ఫోన్ ఎత్తి చివరిదాకా విన్నది.

పొలం లేని మనిషికి మా యంత్రం ప్రతి వంతుకూ నీళ్లొస్తున్నాయని చెబుతోంది, అదీ నా గొంతుతో. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. వెనక కాంక్రీటు కలిపే మిషను చప్పుడు.

"అక్కా, తప్పయింది. మీ నంబరు తీసేయలేదు. ఈ రోజే తీసేస్తా, ఇక రాదు" అన్నాను.

"ఎందుకు తీస్తవు? తియ్యకు చెల్లె" అంది.

"మీకిక్కడ చేను లేదు కదా."

"ఇప్పుడు లేదు. ఈ ఫోను చూస్కుంటనే ఉన్న, మంగళారం వస్తదా రాదా అని. నిన్న వచ్చింది." మిషను చప్పుడుకు దూరంగా నడిచినట్టుంది, గొంతు దగ్గరైంది. "ఒక్కసారి వస్తే నమ్మేదెట్ల? మీరు మల్ల మార్చరని ఏం గ్యారంటి? ఇంక కొన్ని మంగళారాలు చూస్త. వస్తుందంటే, అప్పుడు మల్ల కౌలుకు అడుగుత. ఊకెనే వచ్చి ఇంకోపారి ఎండబెట్టుకోమంటవా?"

అనను అన్నాను. మేస్త్రీ పిలుస్తున్నాడని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు ఆమె నంబరు ఉన్న వరుస పైన నేను కొన్ని మాటలు రాశాను. ఇంగ్లిష్ అక్షరాల్లో కాదు, తెలుగులోనే.

"ఈ నంబరుకు ఈ కాలువ కింద పొలం లేదు. అయినా తీసేయవద్దు. ఒకప్పుడు ఇక్కడ కారణం రాయకుండా వదిలేసిన మంగళవారం వరుస వల్ల ఈమె పల్లి ఎండిపోయింది. మంగళవారం నీళ్లు నిజంగా వస్తున్నాయో లేదో ఈమె పట్నం నుంచి చూసుకుంటోంది. ఈమె తిరిగి వచ్చి కౌలు పట్టేదాకానో, ఇక చాలని ఈమే చెప్పేదాకానో ఇది ఉండాలి. డౌటుంటే నన్ను కాదు, ఈమెనే అడగండి. ఫోన్ నంబరు కింది వరుసలోనే ఉంది."